ఫారంలో అమ్మ పుట్టిన తేదీ

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. పిల్లలు అమెరికా సైన్యంలో చేరారు, అక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే పనులకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అంటున్నారు, ఇక్కడున్న మా వివరాలన్నీ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా, ఇస్తే పిల్లాడికి నష్టమా, ఇవ్వకపోతే నష్టమా అని. నేను ఆ సైన్యంలోనే పనిచేసి రిటైరైనవాణ్ణి. కొన్నేళ్ళపాటు మా బెటాలియన్లో ఈ ఫారాలు నింపే కుర్రాళ్ళ పక్కన కూర్చుని, ఏ గడిలో ఏం రాయాలో చెప్పే పని నాదే. లాయర్ని మాత్రం కాదు, ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి. అందరి ఉత్తరాలూ వేయడం కుదరదు కాబట్టి ఏడు తీసుకున్నాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్‌కని వెళ్ళి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకుని, గ్రీన్ కార్డు వచ్చాక ఆర్మీలో చేరాడు. ఈమధ్యే సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. ఇప్పుడు సీక్రెట్ క్లియరెన్స్ కావాలట, మా ఇద్దరి పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, ఊళ్ళు, ఉద్యోగాలు పంపమని వాట్సాప్‌లో పెద్ద లిస్టు పెట్టాడు. నేను జెడ్పీ హైస్కూల్లో టీచర్‌గా రిటైరయ్యాను, ఆయన ఇరిగేషన్‌లో చేశారు. పక్కింటాయన ఏమో గవర్నమెంటు ఉద్యోగాలని రాయకండి, వ్యవసాయం అని రాసేయండి అంటున్నారు. అమ్మానాన్నలు ఇండియాలో ఉంటే అసలు ఇవ్వరు అని ఇంకొకరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, ముందు ఆ పక్కింటాయన సలహా అవతల పెట్టండి. వ్యవసాయం అని రాశారే అనుకుందాం. మీరు కొడుకు దగ్గరికి వెళ్ళడానికి ఎప్పుడైనా విజిటర్ వీసాకి అప్లై చేశారా? చేసుంటే ఆ డీఎస్-160 ఫారంలో రిటైర్డ్ టీచర్ అని మీరే రాసి ఉంటారు, పెన్షన్ కాగితాలు కూడా ఫైల్లో పెట్టుకుని హైదరాబాద్ కాన్సులేట్‌కి పట్టుకెళ్ళి ఉంటారు. అదీ అమెరికా ప్రభుత్వమే, ఇదీ అమెరికా ప్రభుత్వమే. ఒకచోట టీచరమ్మ, ఇంకోచోట రైతు అయితే, తప్పు మీ ఉద్యోగానిది కాదు, అబద్ధం రాసిన మీ అబ్బాయిది అవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

ఆ ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. వంద పేజీలు దాటుతుంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే నింపుతారు. అందులో 18వ సెక్షన్ పూర్తిగా బంధువుల గురించి. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, అత్తమామలు, వీళ్ళందరినీ రాయాలి, సవతి సంబంధాలు కూడా. చనిపోయినవాళ్ళని కూడా వదలకూడదు. ఇక్కడ ఉండే ఒక్కొక్కరికీ పుట్టిన ఊరు, పౌరసత్వం, చిరునామా, ఎక్కడ పనిచేస్తున్నారు లేదా చివరిగా ఎక్కడ పనిచేశారు, ఆ దేశపు ప్రభుత్వంతోగానీ సైన్యంతోగానీ రక్షణ సంస్థలతోగానీ సంబంధం ఉందా, మీరు ఎలా మాట్లాడుకుంటారు, ఎన్ని రోజులకోసారి, ఆఖరుసారి ఎప్పుడు, ఇవన్నీ అడుగుతుంది. మీ అబ్బాయి మీకు రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడా? రోజూ అనే రాయాలి. తల్లితో నెలకోసారి మాట్లాడతానని రాస్తే విదేశీ సంబంధం తక్కువగా కనిపిస్తుందని ఒక కుర్రాడు నా దగ్గరే అన్నాడు. వాడు ఆ మాట అంటుండగానే వాళ్ళమ్మ ఫోన్!

ఇదంతా మిమ్మల్ని అనుమానించి అడిగేది కాదు. వాళ్ళ లెక్క ఏమిటంటే, రేపు ఎవరైనా మిమ్మల్ని అడ్డం పెట్టుకుని మీ అబ్బాయిని బెదిరించగలరా, లేదా మీ మీద ప్రేమతో అతను చెప్పకూడనిది చెప్పే పరిస్థితి వస్తుందా అని. 2017 జూన్ నుంచి అమలులో ఉన్న నియమావళిలో చూడాల్సిన విషయాలు 13 ఉన్నాయి, వాటిలో ఒకటి విదేశీ ప్రభావం. అందులోనే క్లియరెన్స్ ఇవ్వకుండా ఆపే కారణాలూ రాసి ఉన్నాయి, ఊరట ఇచ్చే కారణాలూ ఉన్నాయి. బంధువులు ఏ దేశంలో ఉన్నారు, అక్కడ ఏం చేస్తున్నారు, ఇతనికి అమెరికాలో ఎంత గట్టిగా వేళ్ళున్నాయి (భార్యాపిల్లలు, ఇల్లు, ఉద్యోగం, సర్వీసు) అన్నీ కలిపి మనిషిని మొత్తంగా చూస్తారు. కాబట్టి అమ్మానాన్నలు ఇండియాలో ఉంటే ఇవ్వరన్నది వట్టి మాట, నా కళ్ళముందే చాలామందికి వచ్చింది. అలాగని అందరికీ వచ్చేస్తుందని కూడా నేను చెప్పను. రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసే ఉద్యోగుల అప్పీళ్ళ మీద ఇచ్చిన తీర్పులు పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెడతారు. మనదేశంలో తల్లిదండ్రులు, ఫ్లాట్లు, డిపాజిట్లు ఉన్నవాళ్ళ కేసులు వాటిలో బోలెడు కనిపిస్తాయి, కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అవి చదివితే నాకు అర్థమైంది ఒకటే, దాచినవాడి కేసు దాచనివాడి కేసు కన్నా ఎప్పుడూ మొదటి పేజీలోనే బరువెక్కిపోతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది చెప్తాను, ఇది మన ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా ఇంతగా ఉండదేమో. తేదీలూ, పేర్లూ. మా అమ్మ కృష్ణ మీద పాత ఆనకట్ట తెగిన ఏడాది పుట్టింది, అంటే 1952. ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మమ్మ ఆ వరద కథతో కలిపే ఈమె పుట్టుక చెప్పేది. స్కూల్లో వేసినప్పుడు మాస్టారు 1955 అని రాసుకున్నారు. ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో అదే వచ్చింది. నేను ఫారంలో నిజం రాయాలి కదా అని 1952 రాశాను, నా వీసా కాగితాల్లో ఎప్పుడో 1955 రాసి ఉన్న సంగతి మర్చిపోయాను. ఇంటర్వ్యూకి వచ్చిన పరిశోధకుడు మెల్లగా, మీ అమ్మగారు రెండుసార్లు పుట్టారా అని అడిగాడు. ఆనకట్ట తెగడం, వరద, మాస్టారు, అన్నీ ఇంగ్లీషులో చెప్పుకొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఆయన నవ్వి రాసుకున్నాడు, అక్కడితో అయిపోయింది, కానీ నాకు ఆ ముప్పావుగంట చొక్కా తడిసిపోయింది.

కాబట్టి మీరు చేయాల్సిన పని, పాస్‌పోర్ట్‌లో ఉన్న తేదీ పంపండి, అసలు తేదీ వేరైతే ఆ సంగతి కూడా ఒక వాక్యంలో పంపండి, ఫారంలో వివరణ రాసుకునే చోటు ఉంటుంది. పేర్లు కూడా అంతే. మీ పుట్టింటి ఇంటిపేరు ప్రత్యేకంగా అడుగుతారు. ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, సర్వీస్ రిజిస్టర్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో ఇనీషియల్ విప్పి రాసిన పేరు, ఇంట్లో పిలిచేది ఇంకో పేరు, ఇవన్నీ ఉంటే అన్నీ రాసి పంపండి, ఏది ఎప్పటినుంచో కూడా. మీవారివీ అంతే. ఒక తెల్లకాగితం మీద రాసి ఫొటో తీసి పంపితే చాలు. ఉద్యోగాల సంగతి: మీ స్కూల్ ఉన్న ఊరు, రిటైరైన సంవత్సరం, ఆయన డిపార్ట్‌మెంటు, హోదా. పెన్షన్ ప్రభుత్వం నుంచి వస్తుందని కూడా. ఇరిగేషన్‌లో పనిచేసిన పెద్దాయన వల్ల అమెరికా సైన్యానికి వచ్చే ప్రమాదం ఏమీ లేదని వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

ఒకవేళ మీ అబ్బాయి కంగారులో ఇప్పటికే ఏదైనా తప్పు రాసి పంపేసి ఉంటే, వాళ్ళు పట్టుకుని అడిగేలోపు తనే వెళ్ళి సరిదిద్దుకోమనండి. అడగకముందు దిద్దుకున్నదానికి ఆ నియమావళిలోనే మినహాయింపు ఉంది. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం క్లియరెన్స్ పోవడం చిన్న సంగతి, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం 5 ఏళ్ళ దాకా జైలు పడే నేరం.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నేవీలో ఉన్నాడు. నాన్నగారు పోయాక తుళ్ళూరు దగ్గర పొలం ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చినందుకు వచ్చిన ప్లాట్లు ఇద్దరి పేరా ఉన్నాయి. అమ్మ ఎఫ్‌డీల్లో కూడా వాడి పేరు జాయింట్‌గా పెట్టింది, వాడికి ఆ సంగతే సరిగా తెలియదు. తను అక్కడేమీ లేదని రాసేస్తానంటున్నాడు. ఇంకో మాట, అమ్మకి నెలనెలా డబ్బు పంపిస్తుంటాడు, అది కూడా చెప్పాలా? (పటమట, విజయవాడ)

జవాబు: పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది. మీ తమ్ముడికి చెప్పండి, 20వ సెక్షన్లో విదేశాల్లో ఉన్న ఆస్తి, బ్యాంకు ఖాతా, షేర్లు, నీ తరఫున ఇంకొకరు చూస్తున్న డబ్బు, ఇవన్నీ ప్రశ్న ప్రశ్నగా అడుగుతుంది. పరదేశి పౌరుడికి ఎప్పుడైనా ఆర్థిక సాయం చేశావా అని కూడా ఉంటుంది. అమ్మకి పంపే డబ్బు అందులోకే వస్తుంది, అమ్మ భారత పౌరురాలు కదా. కన్నతల్లికి మందులకి పంపిన డబ్బుని సాయం అనడం మనకి ఎబ్బెట్టుగానే ఉంటుంది, కానీ వాళ్ళ గడి పేరు అదే, రాసేయాలి.

2015లో పూలింగ్ మొదలైనప్పటినుంచి ఈ ప్లాట్ల మీద నడిచిన పురాణమంతా మన పాఠకులకి చెప్పక్కర్లేదు. విలువ ఎంత రాయాలి అన్నది నిజంగానే చిక్కు. రాజధాని ఉందన్న రోజు ఒక రేటు, లేదన్న రోజు ఒక రేటు, మళ్ళీ ఉందన్న రోజు ఇంకో రేటు. ఫారం అడిగేది మీకు తెలిసిన అంచనా. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ చూసుకుని, బయట రేటు ఇంత పలుకుతోందని పక్కన రాస్తే సరి. వారసత్వంగా వచ్చింది, నాన్న పోయిన సంవత్సరం ఇది, అన్నయ్యతో ఉమ్మడి, అమ్మే ఉద్దేశం ఉందా లేదా, అంతే. వాళ్ళు తూకం వేసేది ఆ ఆస్తి అతని మొత్తం సంపాదనలో ఎంత పెద్ద భాగం, దానికోసం అతను వంగిపోయే అవకాశం ఉందా అని. అమెరికాలో ఇల్లు, రిటైర్‌మెంటు ఖాతా, జీతం ఉన్నవాడికి తండ్రి ఇచ్చిన రెండు ప్లాట్లు మామూలు విషయమే. అక్కడ అప్పులు, ఇక్కడ కోట్లు అయితే ప్రశ్నలు గట్టిగా ఉంటాయి.

ఎఫ్‌డీల గురించి మీ అమ్మగారితో కూర్చుని అన్ని రసీదులూ తీయించండి. మన ఆడవాళ్ళు ప్రేమకొద్దీ పిల్లల పేర్లు వేసేస్తారు, బీరువాలో లాకర్ కింద పెట్టి మర్చిపోతారు. నామినీ వేరు, జాయింట్ హోల్డర్ వేరు. నామినీగా ఉంటే అతని ఖాతా కాదు, జాయింట్ అయితే అతనిదే. జాయింట్ అయితే ఇంకో బెడద కూడా ఉంది, ఇది క్లియరెన్స్‌ది కాదు, పన్నులది: విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ఖజానా శాఖకి ఎఫ్‌బీఏఆర్ అనే రిపోర్ట్ ఏటా ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానాలు భారీగా ఉంటాయి. ఆ లొసుగు క్లియరెన్స్ పరిశోధనలో బయటపడితే గోరుచుట్టు మీద రోకటిపోటు. అక్కడ ఒక టాక్స్ మనిషిని కలిసి పాత సంవత్సరాలవి సరిచేయించుకోమనండి, ఆ తర్వాత ఫారం.

డబ్బు పంపడం బ్యాంకు ద్వారానే ఉండాలి. మన బజారులో తెలిసినవాళ్ళు అక్కడ డాలర్లు తీసుకుని ఇక్కడ రూపాయలు ఇంటికి తెచ్చి ఇచ్చే పద్ధతి ఒకటుంది కదా, రేటు బాగుంటుందని. ఒక్కసారి కూడా వద్దు. అది రెండు దేశాల్లోనూ తప్పే.

ప్రశ్న: నేను ఇండియన్ ఆర్మీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికాలో పుట్టిన కుర్రాణ్ణి చేసుకుని, అక్కడి ఎయిర్ ఫోర్స్‌లో చేరింది. నా సర్వీసు వల్ల తనకి దెబ్బా? నా యూనిట్, పోస్టింగుల వివరాలు అడుగుతుందేమో, చెప్పొచ్చా? (గుంటూరు)

జవాబు: సార్, మీ ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే ఇందులో రెండు సైన్యాల మర్యాద ఉంది. మీ అమ్మాయి ఫారంలో మీరు భారత సైన్యంలో పనిచేశారని, ఫలానా సంవత్సరంలో రిటైరయ్యారని, పెన్షన్ వస్తుందని రాయాలి. దాచడానికి వీల్లేదు, దాచాల్సినదీ ఏమీ లేదు. ఇంటర్వ్యూలో దీని మీద నాలుగు ప్రశ్నలు ఎక్కువే పడతాయి. మీకు ఇప్పటికీ డ్యూటీ ఉందా, పాత అధికారులతో సంబంధాలు ఉన్నాయా, మీరు ఆమె పని గురించి ఎప్పుడైనా అడుగుతారా, ఇలాంటివి. సర్వీసులో ఉన్న తండ్రి కన్నా రిటైరై సైనికుల పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో పెన్షన్ తీసుకుంటూ పిల్లల్ని స్కూల్లో దింపే తండ్రి వల్ల ఇబ్బంది చాలా తక్కువ.

కానీ మీ వైపు నుంచి కూడా ఒక గీత ఉంది. మీరు ఎక్కడెక్కడ ఏ పని చేశారు, ఏ పరికరం మీద కూర్చున్నారు అన్నది మీ అమ్మాయికి అక్కర్లేదు, ఆమె ఫారానికీ అక్కర్లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనంత మాత్రాన మిమ్మల్ని వదలదు. ర్యాంకు, చేరిన ఏడాది, దిగిన ఏడాది, ఇవి మీ డిశ్చార్జ్ బుక్‌లో ఉన్నవే, ఇవి చాలు. ఎవరైనా ఫోన్ చేసి అంతకన్నా లోతుగా అడిగితే, నాకు తెలియదు అని చెప్పి పెట్టేయండి. మీ అమ్మాయి కూడా తన పని గురించి మీకు చెప్పదు, బాధపడకండి. భోజనాల దగ్గర ఇద్దరు సైనికులు కూర్చుని మిర్చి రేటు గురించి మాట్లాడుకోవడం కూడా బాగానే ఉంటుంది.

ప్రశ్న: మాది విజయవాడ, ప్రస్తుతం టెక్సాస్‌లో ఉంటున్నాను, ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. ఆర్మీలో సైబర్ ఉద్యోగం చేయాలని ఉంది. క్లియరెన్స్‌కి ముందే అప్లై చేసుకుని ఉంచుకోవచ్చా? ఇంకో సంగతి, చదువు అయ్యాక మొదటి ఉద్యోగానికి కన్సల్టెన్సీ వాళ్ళు మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు రెజ్యూమె తయారుచేశారు. అది ఇప్పుడు బయటికి వస్తుందా?

జవాబు: బాబూ, క్లియరెన్స్ మనం వెళ్ళి అప్లై చేసుకునేది కాదు. ఆ పని ఇచ్చేవాళ్ళే ప్రతిపాదించాలి, ఖర్చు ప్రభుత్వానిదే. గ్రీన్ కార్డుతో సైన్యంలో చేరొచ్చు, కానీ క్లియరెన్స్ కావాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, కాబట్టి సైబర్ లాంటి పనులు మొదట్లో నీకు తెరిచి ఉండవు. వేరే పనిలో చేరి పౌరసత్వం తెచ్చుకుని తర్వాత మారాలి. సైన్యంలో ఉన్నవాళ్ళకి పౌరసత్వానికి వేరే దారి ఉంది, 2001 సెప్టెంబర్ 11 నుంచి నడుస్తున్న యుద్ధకాలపు నియమం కింద మామూలు వాళ్ళలాగా 5 ఏళ్ళు ఆగక్కర్లేదు, దరఖాస్తు ఫీజు కూడా ఉండదు. వీసా మీద ఉన్నవాళ్ళని నేరుగా చేర్చుకున్న మావ్ని పథకం మాత్రం 2016లోనే ఆగిపోయింది. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు.

రెజ్యూమె సంగతి. నిజం చెప్పాలంటే నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే, విజయవాడలో ఉన్న అమ్మానాన్నలు కాదు. ఆ ఫారంలో పదేళ్ళ ఉద్యోగాలు, పదేళ్ళ చదువు, పదేళ్ళుగా ఉన్న ఇళ్ళు రాయాలి. నువ్వు ఆ మూడేళ్ళూ ఎక్కడున్నావు? బెంజ్ సర్కిల్ పక్కన హాస్టల్లో బీటెక్ చదువుతున్నావు. ఫారంలో అది రాస్తే రెజ్యూమె అబద్ధమవుతుంది, రెజ్యూమె ప్రకారం రాస్తే ఫారం అబద్ధమవుతుంది. ఆ అబద్ధపు అనుభవం వీసా కాగితాల్లోకి, గ్రీన్ కార్డు కాగితాల్లోకి ఎక్కిందా లేదా అన్నది ముఖ్యం, ఎక్కి ఉంటే ఇది క్లియరెన్స్‌తో ఆగదు. అందుకే రిక్రూటర్ దగ్గరికి వెళ్ళేముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్ళు, మొత్తం చెప్పు, ఫీజు దండగ అనుకోకు. ఎస్‌ఎఫ్-86లో మాత్రం జరిగింది జరిగినట్టే రాయాలి, ఇందులో నేను చెప్పగలిగే రెండో దారి లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఎప్పుడో బోర్డు తిప్పేసి ఉంటారు, సంతకం మాత్రం నీదే ఉంది.

ఇంకొకటి, ఇళ్ళ అడ్రసులు రాసేటప్పుడు మనవాళ్ళంతా పర్మనెంట్ అడ్రస్ అని నాన్నగారి ఇల్లు రాసేస్తారు. నువ్వు నిజంగా పడుకున్న చోటు రాయాలి, హాస్టల్ అయితే హాస్టల్, నలుగురితో పంచుకున్న అపార్ట్‌మెంటు అయితే ఆ నలుగురిలో ఒకరి ఫోన్ నంబరుతో సహా.

ప్రశ్న: మాకు ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి అమెరికా సైన్యంలో ఉన్నాడు. నిశ్చితార్థం కాకముందే నా పాస్‌పోర్ట్ వివరాలు, మా అన్నయ్య ఉద్యోగం వివరాలు అడుగుతున్నాడు. తర్వాత ఇంకెవరో ఫోన్ చేసి క్లియరెన్స్ ఫీజు 85 వేలు కట్టాలన్నారు. ఇది నిజమేనా? (మొగల్రాజపురం)

జవాబు: అమ్మాయ్, మొదటిది నిజం అయ్యుండొచ్చు, రెండోది పచ్చి మోసం. క్లియరెన్స్ ఉన్నవాళ్ళు విదేశీ పౌరురాలితో సన్నిహిత సంబంధం, పెళ్ళి మాట ఇలాంటివి తమ సెక్యూరిటీ ఆఫీసుకి చెప్పాల్సి ఉంటుంది, పెళ్ళయ్యాక మీ అమ్మానాన్నలు అతని ఫారంలో అత్తమామల గడిలోకి వస్తారు. పేరు, పుట్టిన తేదీ, ఊరు, పౌరసత్వం వరకు అడగడంలో తప్పు లేదు. పాస్‌పోర్ట్ కాపీలు మాత్రం రెండు కుటుంబాలు కలిసి, అబ్బాయిని మనవాళ్ళెవరైనా అక్కడ కళ్ళారా చూసివచ్చాకే ఇవ్వండి. ఇక ఫీజు అన్నవాడు దొంగ. క్లియరెన్స్‌కి ఎవరూ, ఎవరికీ, ఎప్పుడూ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, ఆధార్ ఓటీపీ అక్కర్లేదు, వీడియోలో యూనిఫాం వేసుకుని కూర్చున్నా సరే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఆ ఫోన్ చేసినవాడికీ ఈ అబ్బాయికీ సంబంధం ఉందేమో కూడా మీ నాన్నగార్ని ఆరా తీయమనండి.

ప్రశ్న: నేను ఇక్కడే సీడీఎస్ (మన సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాస్తున్నాను. మా అక్క, బావ అమెరికా సిటిజన్లు. మన సైన్యంలో దీనికి అభ్యంతరం చెప్తారా? ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో అడక్కపోతే చెప్పకుండా ఉండొచ్చా? (నల్లపాడు)

జవాబు: తమ్ముడూ, నోటిఫికేషన్లో పౌరసత్వం నిబంధన ఉన్నది అభ్యర్థికి, అక్కకి కాదు. నువ్వు భారత పౌరుడివి, చాలు. ఎస్ఎస్‌బీలో మొదటిరోజు నింపే పీఐక్యూ అనే వ్యక్తిగత వివరాల ఫారంలో అమ్మానాన్నలు, తోబుట్టువుల చదువు, ఉద్యోగం, ఆదాయం గళ్ళు ఉంటాయి. అక్కడ అక్క అమెరికాలో ఫలానా పని చేస్తుందని మామూలుగా రాయి. ఇంటర్వ్యూ ఆఫీసర్ దాని మీద అడుగుతాడు కూడా, అక్క దగ్గరికి వెళ్ళిపోకుండా ఇక్కడెందుకు వచ్చావు అని. దానికి జవాబు నీ దగ్గర ఉండాలి, నేను రాసిచ్చేది కాదు.

ఎంపికయ్యాక పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. కేంద్ర ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో తోబుట్టువుల జాతీయత గడి విడిగా ఉంటుంది, విదేశాల్లో ఏడాదికి మించి ఉన్నావా అని నీ గురించి కూడా ఉంటుంది. తప్పు రాస్తే అనర్హుడివని పైనే హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ మీ వీధికి వచ్చి కిరాణా కొట్టాయన్ని అడిగితే, ఆయనే చెప్తాడు మీ అక్క డల్లాస్‌లో ఇల్లు కొన్నదని. ఇక అడక్కపోతే చెప్పకుండా ఉండొచ్చా అన్న ప్రశ్నే అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ సైన్యంలోనే రిటైరవుతానంటున్నాడు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకుంటే వచ్చిపోవడానికి సులువు కదా, మాకున్న నాలుగెకరాల మిర్చి పొలం కూడా చూసుకోవచ్చు అని మా ఆశ. (గుంటూరు దగ్గర ఒక రైతు)

జవాబు: రైతుగారూ, ఈ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. విదేశీ సైన్యంలో ఉన్నవాళ్ళకీ, అందులోంచి రిటైరైనవాళ్ళకీ మన ప్రభుత్వం ఓసీఐ ఇవ్వదు. నియమాల్లోనే స్పష్టంగా ఉంది. సైన్యంలో చేరకముందే కార్డు తీసుకున్నవాళ్ళు చేరాక దాన్ని ఏం చేయాలో ముందుగానే భారత కాన్సులేట్‌లో అడగడం మంచిది, ఎలాగూ ఎస్‌ఎఫ్-86లో దాని గురించి రాయాల్సిందే. అమెరికా పౌరసత్వం వచ్చిన రోజే 1955 నాటి మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది, పాత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. అది కూడా చేయకుండా రెండు పాస్‌పోర్ట్‌లతో తిరిగే మహానుభావులున్నారు, మీ అబ్బాయి అలాంటి పని చేయకుండా చూడండి.

పొలం గురించి బెంగ వద్దు. పరదేశి పౌరుడు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేడు గానీ, ఇక్కడే ఉంటున్న తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి, పాస్‌బుక్కులు, అడంగల్ మీ పేరు మీద సరిగా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి. సంక్రాంతికి వస్తానంటే అతను ముందుగా తన యూనిట్‌లో ప్రయాణం సంగతి చెప్పి అనుమతి తీసుకోవాలి, ఆఖరు నిమిషంలో టికెట్ కొనడం కుదరదు, ఆ సంగతి మీరు అర్థం చేసుకోవాలి.

నేనూ అంతే. నాకూ ఓసీఐ లేదు, ప్రతిసారీ వీసా వేయించుకునే గన్నవరంలో దిగుతాను. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో కుర్రాడు పుట్టిన ఊరు గుంటూరు అని చూసి, వీసా ఎందుకండీ మీకు అని తెలుగులో అడుగుతాడు.